హ్యాపీ వ్యాలీ బుధవారం రేసులు: గుర్రాల గురించి తెలియనివారికి ఎలా ఉంటాయి?

గుర్రప్పందాలు అనగానే మన ఇళ్ళలో ముందు వినిపించేది ఎవరి ఆస్తి ఎలా కరిగిపోయిందన్న కథ. ఆ కథల్లో నిజం లేదని నేను అనను. అయితే వాటిని వింటూ పెరిగిన తరం రేసుకోర్సు గేటు దాటదు, దాటినవారికి లోపల ఏం జరుగుతున్నదో విడమరచి చెప్పేవారు దొరకరు, చివరకు స్టాండుల్లో మిగిలేది ఏళ్ళ తరబడి వస్తున్న పాత పంటర్లే, అంటే పందెం కాసేవారే. చాలా దేశాల్లో రేసుకోర్సుల దిగులు ఇదే. కొత్త ప్రేక్షకుణ్ణి రప్పించడమే పనిగా పెట్టుకున్న రేసు సాయంత్రం ఎలా నడుస్తుందో చూడదలచినవారికి హాంకాంగ్‌లోని హ్యాపీ వ్యాలీ బుధవారం రేసులకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఉద్యోగం మీదో, విహారయాత్రకో హాంకాంగ్ వెళ్ళే తెలుగువారు ఇప్పుడు ఎందరో ఉన్నారు. గుర్రాల గురించి ఏమీ తెలియని మనిషికి ఆ సాయంత్రం ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు అన్న దృష్టితో ఈ సమీక్ష రాస్తున్నాను.

హ్యాపీ వ్యాలీ ఊరి బయట విసిరేసినట్టు ఉండే మైదానం కాదు. హాంకాంగ్ ద్వీపం నడిబొడ్డున, ఎత్తయిన నివాస భవనాల మధ్య ఉంటుంది. ఒకప్పటి చిత్తడినేలను పూడ్చి సిద్ధం చేసిన ఈ ట్రాక్ మీద తొలి పందాలు 1846 డిసెంబరులో జరిగాయి. 1884లో ఏర్పడిన హాంకాంగ్ జాకీ క్లబ్బే నేటికీ వీటిని నిర్వహిస్తోంది. విద్యుద్దీపాల వెలుగులో రాత్రి పందాలు 1973లో మొదలయ్యాయి. కొత్తవారిని ఆకర్షించడానికి ఆ క్లబ్బు తీసుకున్న నిర్ణయాలలో నా దృష్టిలో ఇదే పెద్దది. ఎందుకంటే ఆఫీసు వదిలిన మనిషి ట్రామెక్కి నేరుగా రేసుకోర్సు పక్కన దిగవచ్చు. దాని కోసం సెలవు పెట్టనక్కరలేదు, ఆదివారం నాడు ఇంటివాళ్ళను వదిలి రానక్కరలేదు. మొదటి పందెం ఏడు గంటల ప్రాంతంలో మొదలై, చివరిది పదకొండు లోపు ముగుస్తుంది. సాధారణ ప్రవేశానికి పది హాంకాంగ్ డాలర్లు, అంటే మన డబ్బులో నూటపది రూపాయలకు కాస్త అటూ ఇటూ. మెట్రోలోనూ ట్రాములోనూ వాడే ఆక్టోపస్ కార్డునే గేటు దగ్గర చూపితే సరిపోతుంది. ఇంత చవకగా, ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, నచ్చకపోతే రెండో పందెం అయ్యాక వెళ్ళిపోదాం అనుకునే మనిషి కూడా ధైర్యంగా లోపల అడుగు పెడతాడు.

సాయంత్రానికి ఎనిమిదో తొమ్మిదో పందాలు ఉంటాయి. ఒక్కో పందానికి మధ్య దాదాపు అరగంట వ్యవధి ఉంటుంది. పందెం నిమిషంన్నరలో అయిపోతుంది కనుక అసలు అనుభవమంతా ఆ అరగంటలోనే ఉంది. ఆ అరగంటను ఎలా వాడుకోవాలో తెలిసినవారికి సమయం చాలదు, తెలియనివారికి గడవదు. ముందు ప్యాడాక్ దగ్గరికి, అంటే పందానికి ముందు గుర్రాలను తిప్పే ఆవరణ దగ్గరికి వెళ్ళి, వాటిని నడిపిస్తుండగా చూడాలి. ఏది చెవులు నిక్కించి హుషారుగా నడుస్తున్నది, ఏది చెమటతో తడిసి బెదురుతున్నది, ఏది మెడ ఎగరేస్తూ తనను నడిపించే సాయీసును లాక్కుపోతున్నది అన్నవి గమనించడానికి ఎవరి పాఠమూ అవసరం లేదు. ఆ తరువాత బోర్డు మీద ధరలు, అంటే ఏ గుర్రం గెలిస్తే కాసినదానికి ఎంత వస్తుందన్న లెక్కలు, ఎలా మారుతున్నాయో చూసుకుని, నచ్చితే పది డాలర్లు కాసి, ట్రాక్ పక్కన రెయిలింగ్ దగ్గరికి చేరాలి.

హ్యాపీ వ్యాలీ ట్రాక్ తీరే కొత్తవారికి మొదటి గురువు. ట్రాక్ చిన్నది, మలుపులు ఇరుకైనవి, గెలుపు గీత ముందుండే నేరు దారి పొట్టిది, ఒక్కో పందెంలో పరుగెత్తేవి గరిష్ఠంగా పన్నెండు గుర్రాలు. అందువల్ల పరుగు మొదలయ్యే చోట లోపలి వైపు గేటు దొరికిన గుర్రానికి ఇక్కడ స్పష్టమైన మేలు ఉంటుంది. బయటి గేటు నుంచి బయలుదేరిన గుర్రం మలుపుల్లో వెడల్పుగా తిరిగి ఎక్కువ దూరం పరుగెత్తాలి, లేదా వెనక్కు తగ్గి లోపలికి చేరాలి. వెనక్కు తగ్గితే చివర్లో అందరినీ దాటడానికి ఆ పొట్టి దారి చాలదు. ఈ ఒక్క విషయం పట్టుబడిందంటే, మూడో నాలుగో పందానికల్లా ఎంతటి కొత్తవారైనా పక్కవారితో గేట్ల గురించి వాదనకు దిగుతారు. గెలిచిన డబ్బు ఖర్చయిపోతుంది గాని, నేను అనుకున్నట్టే జరిగింది అన్న ఆనందం మనిషిని మళ్ళీ రప్పిస్తుంది. అభిమాని పుట్టేది అక్కడే అని నా గట్టి నమ్మకం.

ఆ అవగాహనకు కావలసిన సరుకంతా క్లబ్బు ఉచితంగా ఇవ్వడం ఈ సేవలో నాకు అన్నింటికన్నా విలువైన భాగం. ప్రతి గుర్రం గత పందాల ఫలితాలు, వాటి వీడియోలు, ఉదయం సాధనలో అది ఎప్పుడు ఎంత పరుగెత్తింది, పందెం రోజుకు దాని బరువు ఎన్ని పౌన్లు, కళ్ళకు గంతలు వంటి సామగ్రిలో ఏమి మార్చారు, ఇంతకుముందు పశువైద్యులు దానిలో ఏ లోపం గుర్తించారు అన్నవన్నీ క్లబ్బు వెబ్‌సైటులో చైనీసులోనూ ఇంగ్లిషులోనూ దొరుకుతాయి. పందెం ముగిశాక దాన్ని పర్యవేక్షించే స్టివార్డులు ఏ జాకీని ఏమి అడిగారో, ఏ గుర్రానికి దారిలో అడ్డు తగిలిందో కూడా నివేదికగా వస్తుంది. మన దేశంలో రేసుల చుట్టూ అల్లుకున్న టిప్పుల లోకాన్ని దీనితో పోల్చి చూడండి. లాయంలో పనిచేసే ఫలానావాడు చెప్పాడట, ట్రైనర్ ఈసారి గెలిపిస్తాడట అన్న గుసగుసల మీద నడిచే చోట కొత్త మనిషి ఎప్పుడూ చివరివాడే, ఎందుకంటే ఆ గుసగుస అతని చెవి దాకా వచ్చేసరికి దానికి విలువ ఉండదు. సమాచారం బాహాటంగా ఉన్న చోట మొదటిసారి వచ్చిన విద్యార్థినీ ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న పంటరూ ఒకే పుస్తకం ముందు కూర్చుంటారు. చదవడంలో తేడా ఉండవచ్చు గాని పుస్తకం మాత్రం ఒకటే.

గుర్రాల వర్గీకరణ కూడా కొత్తవారికి సాయపడుతుంది. ప్రతి గుర్రానికీ దాని సత్తాను అంకెలో చెప్పే రేటింగ్ ఉంటుంది, ఆ రేటింగును బట్టి తరగతి ఉంటుంది. ఉదాహరణకు నాలుగో తరగతి పందాలు 40 నుంచి 60 దాకా రేటింగు ఉన్న గుర్రాలకు. రేటింగులో ఒక పాయింటు తేడా అంటే వీపు మీద మోసే బరువులో ఒక పౌను తేడా. గెలిచిన గుర్రం రేటింగు పెరిగి మరుసటిసారి ఎక్కువ బరువు మోయవలసి వస్తుంది, వరుసగా ఓడిన గుర్రానికి బరువు తగ్గుతుంది. దానితో పందాలు హోరాహోరీగా సాగుతాయి, ఎక్కువమంది గెలుస్తుందనుకునే ఫేవరెట్టు ఓడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, కాగితం మీద చూడగానే ఎవరు బలవంతులో ఎవరు తేలిక బరువుతో వస్తున్నారో అర్థమవుతుంది.

దీనికి తోడు, హాంకాంగ్‌లో గుర్రాల పెంపక కేంద్రాలు లేవు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐరోపా దేశాల నుంచి తెచ్చినవే అక్కడ పరుగెత్తుతాయి, వాటిలో అత్యధికం బీజం తీసిన మగ గుర్రాలు. సంతానం కోసం వాటిని తొందరగా తప్పించవలసిన అవసరం లేదు కనుక ఏళ్ళ తరబడి అదే ట్రాక్ మీద కనిపిస్తాయి. 26 పందాలు గెలిచిన గోల్డెన్ సిక్స్‌టీ అనే గుర్రం హాంకాంగ్ జనానికి సినిమా నటుడంత దగ్గర కావడానికి, దాని ప్రతిభతో పాటు, సంవత్సరాల పాటు వారి కళ్ళ ముందే ఉండటం కారణం. మన దేశంలో మూడు నాలుగేళ్ళ వయసులో డెర్బీలు గెలిచిన మేలిమి గుర్రం పేరు జనం నోట నానేలోపే సంతానం కోసం స్టడ్ ఫారానికి వెళ్ళిపోతుంది. పెంపక పరిశ్రమకు అది తప్పదు. కాని ఒక గుర్రాన్ని ప్రేమించడం మొదలుపెట్టిన కొత్త అభిమానికి మిగిలేది ఖాళీ.

ఇక పందెం కాసే ఏర్పాటు సంగతి. ఇక్కడ బుకీలు లేరు; అంతా టోటే. కాసిన సొమ్మంతా ఒక కుప్పగా చేరి, అందులో క్లబ్బు వాటా పోగా మిగిలింది గెలిచినవారికి పంచుతారు. కనీస పందెం పది డాలర్లు. విన్ (ఎంచుకున్న గుర్రం మొదట రావాలి), ప్లేస్ (మామూలుగా మొదటి మూడింటిలో రావాలి) అనే సాదా పందాలలో కుప్ప నుంచి తగ్గించుకునేది 17.5 శాతం. కొత్తవారికి నేను గట్టిగా సూచించేది ప్లేస్, లేదా క్వినెల్లా ప్లేస్. క్వినెల్లా ప్లేస్ అంటే రెండు గుర్రాలను ఎంచుకుంటే అవి రెండూ మొదటి మూడింటిలో, ఏ వరుసలోనైనా, రావాలి. పది డాలర్లతో పందెం చివరి అడుగు దాకా ఊపిరి బిగపట్టి చూసే అవకాశం ఇది ఇస్తుంది. మన దగ్గరి టనాలా లాంటి, మొదటి మూడు గుర్రాలనూ వరుస తప్పకుండా చెప్పవలసిన పందాల జోలికి మొదటి రాత్రే వెళ్ళవద్దు. వాటిలో క్లబ్బు కోత ఇంకా ఎక్కువ, గెలుపు ఇంకా అరుదు.

ఈ విషయంలో క్లబ్బు విధానంతో నాకు విభేదం ఉంది. మూడు పందాలలో ఒక్కోదానిలో మొదటి మూడు గుర్రాలను చెప్పవలసిన ట్రిపుల్ ట్రియో వంటి వాటి బహుమతి పేరుకుపోయినప్పుడు దానికి ఇచ్చే ప్రచారం, సాదా ప్లేస్ పందెం ఎలా చదవాలో నేర్పడానికి ఇచ్చే ప్రచారం కన్నా బిగ్గరగా ఉంటుంది. లాటరీ ఆశతో వచ్చినవారు లాటరీకే అభిమానులవుతారు, గుర్రాలకు కారు. నెల రోజులు తగలకపోతే వారు మరి కనిపించరు. ఎలాగైనా తగలాలని పట్టుబట్టినవారి గతి ఇంకా విచారకరం. పద్దెనిమిదేళ్ళ లోపువారికి పందెం కాసే వీలు లేకపోవడం, జూద వ్యసనానికి చికిత్స, అవగాహన కోసం 2003లో ఏర్పడిన పింగ్ వో నిధికి క్లబ్బే డబ్బు ఇవ్వడం మంచి పనులే. అయినా చిన్న పందాన్ని, నిదానమైన ఆలోచనను ముందుకు తెచ్చే ప్రచారమే అన్నింటికన్నా మేలైన రక్షణ అని నేను అనుకుంటాను.

బుధవారం సాయంత్రాలకు హాంకాంగ్ బయట పేరు తెచ్చింది మాత్రం ట్రాక్ పక్కనే ఉండే బీర్ గార్డెన్, సంగీత బృందాలు, తిండి దుకాణాలు. మొదటిసారి రప్పించడానికి అవి బాగా పనికొస్తాయి, అందులో సందేహం లేదు. ఒంటరిగా రేసులకు వెళ్ళడానికి సంకోచించే యువతీ యువకులు, ఆఫీసు మిత్రులతో కలిసి సరదాగా వస్తారు. మహిళలు ఇంత పెద్ద సంఖ్యలో నిశ్చింతగా తిరిగే రేసుకోర్సును మన వైపు ఊహించడం కష్టం. అయితే వచ్చినవారిలో కొందరు గుర్రాలు ఎదురుగా దూసుకుపోతున్నా తల తిప్పరు. వారికి ఆ సాయంత్రం మంచి సాయంత్రమే, రేసింగ్‌కు మాత్రం వారు అతిథులుగానే మిగిలిపోతారు. అతిథిని ఇంటిమనిషిగా మార్చేది ప్యాడాక్ పక్కన నిలబడి, ఈ మూడో నంబరు గుర్రాన్ని చూడండి, క్రితంసారి ఎక్కడ ఇరుక్కుపోయిందో తెలుసా అని చెప్పే మనిషి. ఇంగ్లిషులో పందాలకు ముందు విశ్లేషణ చెప్పే వ్యాఖ్యాతలు ఉండటం వల్ల ఆ పని కొంత జరుగుతున్నది, ఇంకా జరగాలి.

కొత్త పంటర్ల గురించి మాట్లాడుతూ పన్ను గురించి మాట్లాడకపోతే అది సగం మాటే అవుతుంది. ఇక్కడ హాంకాంగ్ అనుభవం ప్రతి రేసు క్లబ్బుకూ, ప్రతి ఆర్థిక శాఖకూ పాఠం కావలసినది. 1996-97లో అక్కడ రేసుల మీద కాసిన మొత్తం 9,200 కోట్ల హాంకాంగ్ డాలర్లకు చేరింది. ఆ తరువాత ఏటేటా పడిపోయి 2005-06 నాటికి 6,000 కోట్ల దగ్గరికి వచ్చింది. ఆసియా ఆర్థిక సంక్షోభం ఒక కారణం. రెండో కారణం, పన్నులు కట్టని అక్రమ బుకీలు మెరుగైన ధరలు ఇస్తూ పంటర్లను లాక్కోవడం. అప్పటి దాకా కాసిన మొత్తం సొమ్ము మీద పన్ను ఉండేది. 2006లో చట్టం మార్చి, గెలిచినవారికి పంచగా క్లబ్బు చేతిలో మిగిలిన సొమ్ము మీద పన్ను పెట్టారు. ఆ రేటు 72.5 నుంచి 75 శాతం, అంటే ప్రభుత్వం ఏమీ వదులుకోలేదు. కాని పన్ను ఎక్కడ పడుతున్నదన్నది మారింది, దానితో ధరలను సరిదిద్దుకునే స్వేచ్ఛ క్లబ్బుకు వచ్చింది. వ్యాపారం కోలుకుని 2013-14లో పది వేల కోట్ల డాలర్లు దాటింది. బీరు, సంగీతం మాత్రమే ఈ పని చేశాయని ఎవరైనా అంటే నమ్మవద్దు.

మన దేశంలో జరిగింది దీనికి తలకిందులు. 2023 అక్టోబరు 1 నుంచి రేసుల్లో కాసిన పూర్తి సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ అమలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. గెలిచిన సొమ్ము మీద ఆదాయపు పన్ను వేరే. పందెం కాయకముందే వందకు నలభై పన్ను పడే చోట, గుర్రాల గురించి ఎంత చదివినా, ఎంత ఆలోచించినా ఆ కోతను దాటి నిలబడటం దాదాపు అసాధ్యం. ఆలోచించి ఆడే మనిషే ఆ లెక్క చూసి ముందు తప్పుకుంటాడు, లేదా పన్ను లేని దొంగ బుకీ దగ్గరికి వెళతాడు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తీర్పు ఇచ్చింది. ఆ నైపుణ్యానికి చోటు లేకుండా పన్ను వేసి, కొత్తవారు రావడం లేదని బాధపడటంలో అర్థం లేదు. ఇది ఏ ఒక్క క్లబ్బు చేతిలోనూ లేని సంగతి అని కూడా గుర్తుంచుకోవాలి.

పన్ను సంగతి పక్కన పెట్టినా, హ్యాపీ వ్యాలీ చూశాక హైదరాబాదులోని మలక్‌పేట రేసుకోర్సు గురించి ఆలోచించకుండా ఉండలేం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మౌలాలి నుంచి మలక్‌పేటకు తరలివచ్చిన మన రేసుకోర్సు కూడా నగరం మధ్యలోనే ఉంది. వర్షాకాలపు సీజను, శీతాకాలపు సీజను అని ఏడాదిలో రెండు సీజన్లు నడుస్తాయి, దేశంలోని పేరున్న జాకీలు వచ్చి స్వారీ చేస్తారు. ఆనవాయితీగా అక్టోబరు 2న జరిగే దక్కన్ డెర్బీని చూడండి. గాంధీ జయంతి కనుక ఆ రోజు నగరమంతటా మద్యం దుకాణాలు మూసి ఉంటాయి. అయినా జనం మంచి పందెం కోసం, మంచి గుర్రం కోసం వస్తారు. కొత్తవారిని రప్పించాలంటే మద్యం, సంగీతం తప్పనిసరి కావని మనకు మన ఊళ్ళోనే రుజువు ఉంది. హ్యాపీ వ్యాలీ నుంచి మనం తెచ్చుకోవలసింది బీర్ గార్డెన్ కాదు. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో తేలికగా చదవగలిగే ఉచిత రేసు పుస్తకం, ప్రతి గుర్రం వివరాలూ వీడియోలూ అందరికీ తెరిచి ఉంచడం, ప్యాడాక్ పక్కన కొత్తవారికి చెప్పే మనిషి, ముఖ్యంగా తెలుగు వ్యాఖ్యానం. క్రికెట్‌కూ కబడ్డీకీ తెలుగు వ్యాఖ్యానం వచ్చాక అవి ఎన్ని ఇళ్ళలోకి చేరాయో చూశాం. డెర్బీ రోజున ఒక మంచి గొంతు, గుర్రం పుట్టుక నుంచి చివరి మలుపు దాకా తెలుగులో చెబితే వినేవారు లేకపోతారా?

మొత్తంగా హ్యాపీ వ్యాలీ బుధవారానికి నేను అయిదుకు నాలుగు ఇస్తాను. చవక ప్రవేశం, సాయంత్రపు వేళ, తెరిచిన పుస్తకం లాంటి సమాచారం, చిన్న పందానికి దొరికే గౌరవం, ఈ నాలుగింటికీ పూర్తి మార్కులు. పెద్ద జాక్‌పాట్‌ల ప్రచారానికి, రేసు నేర్పడంలో మిగిలిపోయిన వెలితికి ఒక మార్కు తగ్గిస్తున్నాను. వెళ్ళదలచినవారు సీజను సెప్టెంబరు నుంచి జులై మధ్య దాకా మాత్రమే అని గుర్తుంచుకోవాలి. ఆగస్టులో వెళితే ఖాళీ ట్రాకే కనిపిస్తుంది. కొన్ని బుధవారాల్లో పందాలు షాటిన్ రేసుకోర్సులో జరుగుతాయి కనుక ముందుగా తేదీ సరిచూసుకోవాలి. పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. శాకాహారులు తినేసి వెళ్ళడం మంచిది. ఖర్చుపెట్టదలచిన మొత్తాన్ని, రెండు వందల డాలర్లు అనుకుంటే రెండు వందలే, నోట్లుగా వేరే జేబులో పెట్టుకుని, అది అయిపోయాక పందెం కాయకుండా చూడాలి. మొదటి పందానికి అరగంట ముందే చేరుకుని, మొదటి రెండు పందాలు డబ్బు పెట్టకుండా ప్యాడాక్ దగ్గర, రెయిలింగ్ దగ్గర నిలబడి చూసి, మూడో దాని నుంచి కాయడం మొదలుపెట్టాలి.